చల్లారిన రొట్టె అంచులు

దయ్యాల కబుర్లు మొదలైతే నాకు ముందు ఆవలింత వస్తుంది. గొర్ల మంద ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. చిన్నప్పుడు మిట్టమధ్యాహ్నం అనకుండా, మసకచీకటి అనకుండా మెట్టచేల చెలకల్లో ఒంటరిగా తిరిగాను. తోడేలుకు భయపడ్డాను, తేలుకు భయపడ్డాను. దయ్యానికి భయపడే తీరిక మాత్రం దొరకలేదు. ఊళ్లో ఎవరికైనా దయ్యం పట్టిందంటే పాపం ఆ మనిషికి తిండీ నిద్రా సరిగ్గా లేవని అనుకునేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటాను.

అయినా ఒక్క సంగతి మిగిలిపోయింది. దానికి అర్థం చెప్పుకోవాలని చాలాసార్లు కూర్చున్నాను, కుదరక విసుగొచ్చి లేచాను. ఇక మోయడానికి ఓపిక లేదు. అందుకే రాస్తున్నాను.

మాది ఆత్మకూరు దగ్గర ఒక పల్లె. నా పేరు పెంటమ్మ. ఈ పేరు వినగానే మా వైపు వాళ్లు "నీకు ముందు పుట్టినోళ్లు పోయిన్రా?" అని అడుగుతారు. పోయారు, ముగ్గురు. పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డ పుడితే, ఆ బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పొరుగామె వచ్చి ఎత్తుకుపోయి, చాటెడు తవుడు తీసుకొని మళ్లీ తల్లికే అమ్ముతుంది. పారేసిన బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. నన్నూ అట్లాగే పారేశారు, కొనుక్కున్నారు, పెంటమ్మ అన్నారు.

పేరుతో నాకు పేచీ లేదు. మా బడిలోనే ఇంకో పెంటమ్మ, ఒక పెంటయ్య ఉండేవాళ్లు. బాధంతా ఆ పేరు వెంట వచ్చే పద్ధతితోనే. అట్లాంటి బిడ్డను నలుగురిలో ముద్దు చేయకూడదు, చక్కగా ఉందని అనకూడదు. "నీకేం కావాలె?" అని అసలే అడగకూడదు. అడిగితే ఆ ఇంట్లో ఆ బిడ్డకు విలువుందని బయటపడిపోతుంది. బిడ్డ కాస్త ఎదిగి గట్టిపడ్డాక మిగతా ఇళ్లలో ఈ పట్టింపు దానంతటదే సడలిపోయేది. మా అమ్మ సడలించలేదు.

మొదటి బిడ్డ చంద్రమ్మను అమ్మ చాలా గారాబం చేసిందట. ఏం తింటవు, ఏం కట్టుకుంటవు అని వాడంతా వినేటట్టు అడిగేదట. గొర్రెపిల్లల వెంట పరుగులు తీసే వయసులో చంద్రమ్మ జ్వరమొచ్చి పోయింది. తర్వాత ఇద్దరు పురిట్లోనే పోయారు. ఇదంతా నాకు పొరుగామె చెప్పింది. అమ్మ నోట చంద్రమ్మ పేరు నేను వినలేదు.

ఎవరూ అడగకపోయినా మనిషికి ఇష్టాలు పుడతాయి. నాకు వేడి వేడి జొన్నరొట్టె నచ్చదు. అది చల్లారి, అంచులు పెళుసుబారాలి. ఆ అంచులే నాకు రొట్టె, నడుమ భాగం మెత్తగా సాగుతూ నోట్లో తిరుగుతుంది. పుంటికూర తొక్కంటే, అదే గోంగూర పచ్చడంటే ప్రాణం, కానీ అందులో ఎల్లిగడ్డ రెబ్బ తగిలితే ముద్ద దిగదు. ఎంత చలైనా గొంగడి కప్పుకున్నప్పుడు పాదాలు బయట ఉండాలి. లోపల పెట్టుకుంటే ఊపిరాడనట్టు ఉంటుంది. వాన వచ్చే ముందు మంద దగ్గర ఒక వాసన వస్తుంది, అది బాగుంటుంది. వాన పడ్డాక తడిసిన ఉన్ని వాసన మాత్రం భరించలేను.

ఇవేం గొప్ప ఇష్టాలు కావు. అయినా ఎవరికీ చెప్పలేదు, చెప్పే సందర్భమే రాలేదు. అమ్మ కంచం నా ముందు పెట్టి అటు తిరిగి కూర్చునేది. పొయ్యి సర్దుకునేది, గోడ వైపు చూసేది, నా వైపు చూసేది కాదు. తోటి పిల్లల తల్లులు ఇంకో ముద్ద తినమని వెంటపడుతుంటే నేను నిలబడి చూసేదాన్ని. మా అమ్మకు నేనంటే ఇష్టం లేదని చాలా చిన్నప్పుడే తీర్మానం చేసుకున్నాను. ఆ తీర్మానంతోనే పెరిగాను, ఏడో తరగతి చదివాను, పెళ్లి చేసుకున్నాను.

అత్తగారిల్లు పాలమూరుకు పోయే బస్సు దారిలో ఉన్న ఇంకో పల్లె. వాళ్లదీ గొర్ల మందే. అక్కడా నాకేం ఇష్టమో ఎవరూ అడగలేదు. కోడలిని అడగకుండా ఉండటానికి ఏ ఆచారమూ అక్కర్లేదు కదా.

నా పెద్ద బిడ్డకు రెండో ఏడు నడుస్తుండగా ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆకు పసరు పోశారు, తాయెత్తు కట్టారు. పిల్ల కళ్లు గుంటలు పడి, ఏడవడం కూడా మానేసింది. అప్పుడు నేను మొండికేస్తే మా ఆయన బస్సెక్కించి పాలమూరు దవాఖానకు తీసుకొచ్చాడు. పిల్లను చేర్చుకొని, కాలికి సూది గుచ్చి గ్లూకోసు పెట్టారు. లోపల జాగా లేక మంచం వరండాలో వేశారు. మంద దగ్గర మామ ఒక్కడే ఉన్నాడని మా ఆయన మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయాడు. అమ్మకు కబురు పంపాము. అమ్మ రాలేదు. కబురు అందిందో లేదో కూడా నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం నేను మంచం పక్కన నేల మీద కూర్చొని పిల్ల పాదాన్ని పట్టుకున్నాను. కాలు కదిలితే సూది ఊడిపోతుందని నర్సమ్మ గట్టిగా చెప్పింది. ఆకలి దాటిపోయింది, కళ్లు మండుతున్నాయి. చిన్నప్పుడు నేనిట్లా జ్వరంతో పడి ఉంటే అమ్మ గోడ వైపే చూసిందా, నా వైపు చూసిందా అని ఆలోచిస్తున్నాను. కోపం కూడా కాదు. కోపానికైనా ఒంట్లో కొంచెం సత్తువ ఉండాలి.

అప్పుడొక ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. ముతక చీర, చుబుకం మీద పచ్చబొట్టు, భుజాన మడత పెట్టిన గొంగడి. ఎవరో రోగి వెంట వచ్చిన మనిషి అనుకున్నాను. మా వైపు ఆడవాళ్లలో అట్లాంటి వాళ్లు ఎంతోమంది.

"తిన్నవా చెల్లె?" అంది.

"తినబుద్ధి అయితలేదక్కా" అన్నాను.

ఆమె మూట విప్పింది. "వేడిది నువ్వు తినవు గద. గిది సల్లారింది. అంచులే తెచ్చిన, తిను. తొక్కుల ఎల్లిగడ్డ ఎయ్యలే."

నేను తిన్నాను. ఇది చదివేవాళ్లు అప్పుడే ఎందుకు అడగలేదని అంటారు. బాగా అలిసిపోయిన మనిషికి ఆశ్చర్యం కూడా పుట్టదు. ఎవరో అన్నం పెడుతున్నారు, తినాలి, అంతవరకే నా బుద్ధి పనిచేసింది. రొట్టె అంచులు నోట్లో విరుగుతుంటే కళ్లనుంచి నీళ్లు కారాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు.

"జర పండు. పిల్ల కాలు నేను వట్టుకుంట" అంది ఆమె. నేను అక్కడే నేల మీద ఒరిగాను. గొంగడి నా మీద కప్పడం తెలిసింది. ఎండాకాలమైనా ఒళ్లు వణుకుతోంది, కప్పితే హాయిగా అనిపించింది. మోకాళ్ల కింద దాన్ని పైకి మడిచి, "కాళ్లు కప్పితే నీకు నిద్ర రాదాయె" అని ఆమె అనడం విన్నాను. తర్వాత ఏమీ వినలేదు.

లేచేసరికి వరండాలో ఎండ వాలిపోయింది. పిల్ల నీళ్లడుగుతోంది. ఎన్నో గంటల తర్వాత దాని నోట వచ్చిన మొదటి మాట అది. సూది కదల్లేదు. ఆమె లేదు, గొంగడి లేదు. నా కొంగు మీద రొట్టె పొడి మాత్రం ఉంది.

నర్సమ్మ వచ్చి పిల్లను చూసి, "మీ అక్క పోయిందా? కాలు ఇడువకుంట పట్టుకొనే కూసుంది" అంది.

"మా అక్కెవరు?"

"గామెనే. అచ్చం నీ మొఖమే గద, నాకు తెల్వదా?"

పక్క మంచాల వాళ్లను అడిగాను. ఇద్దరు ముగ్గురు ఆమెను చూశామన్నారు, ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర కూర్చునే ముసలాయన, అట్లాంటి ఆడవాళ్లు పొద్దస్తమానం వస్తూ పోతూనే ఉంటారని విసుక్కున్నాడు. ఆయన మాటా నిజమే. బిడ్డ బతికింది. దాన్ని మందు బతికించింది, అందులో నాకు సందేహం లేదు. మా ఆయనకు చెబితే, "మనోళ్లే ఎవలో అయ్యుంటరు తియ్" అని పిల్లను ఎత్తుకున్నాడు.

పిల్ల కోలుకున్నాక పుట్టింటికి వెళ్లాను. అమ్మ వాకిట్లో కూర్చొని కత్తిరించిన ఉన్నిలోంచి పల్లేరు ముళ్లు ఏరుతోంది. కబురు తనకు ఆలస్యంగా అందిందని చెప్పింది. చెబుతూ మనవరాలి వైపు చూసి, వెంటనే తల తిప్పుకుంది. అది చూసి నాకు ఎక్కడలేని నీరసం వచ్చింది. పుట్టినప్పటినుంచి అడగని మాట అడిగేశాను.

"అమ్మా, నాకేం ఇష్టమో నీకు ఎర్కేనా?"

"గిప్పుడెందుకే గా ముచ్చట?"

దవాఖానలో జరిగినదంతా చెప్పాను. రొట్టె అంచుల దగ్గరే అమ్మ చేతులు ఆగిపోయాయి. పాదాల మాట చెప్పేసరికి ఉన్ని ఒడిలోంచి జారి కింద పడింది.

"నా సంగతులు ఆమెకెట్ల తెలిసినయ్? నేను ఎవ్వలకు చెప్పలే" అన్నాను.

"నేను చెప్పిన" అంది అమ్మ.

నాకు అర్థం కాలేదు. ఏమీ తెలియని మనిషి ఏం చెబుతుంది?

"నడుమ రొట్టె కుక్కకేస్తుంటివి. గా కుక్క ఎట్ల బలిసిందో నాకు తెల్వదనుకున్నవా? ఎల్లిగడ్డ రెబ్బలు ఏరి గోడ పగుల్ల కుక్కుతుంటివి. కాళ్లు కప్పితే నిద్రల తన్నుతుంటివి. అన్ని సూసిన బిడ్డా. నిన్ను అడుగుదమంటే దానికి ఇనవడ్తదని భయమాయె." దానికి అంటే చావుకు. మా అమ్మ ఆ మాటను పలికేది కాదు. "కడుపుల పెట్టుకుంటే ఆగకపోతుండె. చెలకకాడికి వోయి మీ అక్కకు చెప్పుకునేదాన్ని."

మా దగ్గర చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. చెలక గట్టున చంద్రమ్మను పెట్టిన చోట ఒక రాయి ఉంది. అమ్మ చెలకకు పోయినప్పుడల్లా దాని దగ్గర కూర్చొని, నేనేం తిన్నానో, ఏం వదిలేశానో, ఎట్లా పడుకున్నానో చెప్పేదట. ఒకసారి తీసుకుపోయిన బిడ్డ దగ్గరికి చావు మళ్లీ రాదు, అక్కడ మాట్లాడితే దానికి వినబడదు అని అమ్మ లెక్క. "నేను అడుగలేనిది నువ్వన్న అడుగు, నువ్వే దాన్ని సూస్కోవాలె" అని కూడా చెప్పిందట.

అమ్మ ముందు నేను ఏడ్చింది అదే మొదటిసారి. సంతోషంతోనే ఏడ్చాను. కానీ ఆ సంతోషం అనుభవించడానికి కావలసిన వయసు, బలం అప్పటికే ఎక్కడో ఖర్చయిపోయినట్టు అనిపించింది.

తర్వాత నేను చాలా ఆలోచించాను. గట్టు మీద అమ్మ మాటలు పక్క చెలక మనిషి ఎవరైనా విని ఉండొచ్చు. దూరపు బంధువైతే ముఖం పోలిక ఉండొచ్చు. సరిగ్గా ఆ రోజే ఆమెకు దవాఖానలో పని పడి ఉండొచ్చు. నిద్రమత్తులో నేనే ఏదో వాగి ఉండొచ్చు. విడివిడిగా ఏదైనా జరగవచ్చు. అన్నీ కలిపి ఒక మనిషి చేతిలో మూటగా ఎట్లా వచ్చాయో నాకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ నాకు ఎక్కడా కనిపించలేదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ నేను నమ్మను, ఆమె ఎవరో మాత్రం చెప్పలేను.

అమ్మ ఇవేవీ ఆలోచించలేదు. ఆ రోజు వాకిట్లో కింద పడిన ఉన్నిని ఎత్తి పక్కన పెట్టింది. దవాఖానలో కనిపించిన ఆమెకు ఏండ్లెన్ని ఉంటాయని అడిగింది. నాకంటే కొంచెం పెద్దది అన్నాను. మంచిగున్నదా అని అడిగింది. మంచిగానే ఉన్నదన్నాను. అమ్మ తలూపి, కొంగుతో ముఖం తుడుచుకొని ఇంకొక్క మాట అడిగింది.

"నీకు పెట్టింది గద బిడ్డా. మరి అది తిన్నదా?"

నేను చూడలేదు. ఇచ్చిందంతా నేనే తినేశాను. ఆమెను తిన్నావా అని కూడా అడగలేదు.

పిల్లను అమ్మ ఒళ్లో పెట్టాను. అమ్మ ఈసారి తల తిప్పుకోలేదు.