వినాయకుడి వీపు

బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడు మెడిసిన్ చదువుతున్నాడు. ఆ రోజే పరీక్షట. పత్తర్‌గట్టి రద్దీలో బస్సు ఎంతకీ కదలకపోయేసరికి మొహమాటపడుతూనే అడిగాడు: "అన్నా, జర ముందుకు వంగుతవా? నీ వీపు మీద ఒక్కసారి చదువుకుంట."

వంగాను. వెన్నెముకకు అటూ ఇటూ వేళ్లు ఆనించి, నడుము నుంచి మెడ దాకా మెల్లగా ఏవో ఇంగ్లీషు పేర్లు చెప్పుకుంటూ పోయాడు.

"పైకి కనిపించే కండలు చేతులు ఆడించేటివే అన్నా. మనిషిని నిలబెట్టేటివి గీ లోపలివి," అన్నాడు. కోఠీలో దిగిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

మాది ధూల్‌పేట్. వినాయకుడి విగ్రహాలు చేస్తాం. గోడవైపు ఉండేదే కదా అని వీపు చదునుగా వదిలేయడం మా అలవాటు. ఆ ఏడు మాత్రం వెన్నుకు రెండు పక్కలా మట్టి ఉబ్బేలా, నడుము నుంచి మెడ దాకా బొటనవేళ్లతో లాగాను.

"గది ఎవ్వలు చూస్తర్రా?" అన్నాడు బాపు.

నిమజ్జనం నాడు మా బస్తీ వినాయకుడి లారీ కదలగానే జనమంతా ముందుకు పరుగెత్తారు. బాపు, నేను వెనకే ఉండిపోయాం. గల్లీ మలుపు తిరిగే దాకా మాకు ఆ వీపే కనిపించింది.

మరుసటి ఏడు వీపు పని బాపు నాకు వదల్లేదు, తన బొటనవేళ్లతోనే లాగాడు.