నడుము వంచిన తుపాకీ

చిలకలు జొన్నచేను ఊడ్చేస్తున్నాయని నా పెనిమిటి వాడే ఎయిర్‌గన్‌ను నేనే ఖమ్మంలో బాగుచేయించి, పాత చీరలో చుట్టుకుని చర్ల బస్సెక్కాను. ఆ రోజుల్లో పోలీసులు ఆ దారిలో ప్రతి బస్సూ ఆపేవాళ్లు. తుపాకీలా ఏది కనబడ్డా అడవిలోని అన్నల సామానే అనేవాళ్లు. బుద్ధి తక్కువదాన్ని, అది నాకు బస్సు కదిలాక గుర్తొచ్చింది.

పక్క సీటు పెద్దాయన మూట చూశాడు. “ఎయిర్‌గన్నేనా అక్కా? మా ఇంట్ల ముప్పై ఉన్నయ్. వాటితోనే పండుకోమంటది మా ఇంటామె.”

నాకు నవ్వు రాలేదు. అడవి మొదట్లోనే పోలీసులు బస్సు ఆపారు.

“మూట మీది చీర తియ్, జల్దీ! దాస్తెనే వాళ్లకు భయమైతది,” అన్నాడు పెద్దాయన.

తుపాకీని ఆయనే తీసుకుని, గొట్టాన్ని దాని నడుము దగ్గర వంచి, తెరుచుకున్న సందులో బొటనవేలు పెట్టాడు. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది.

పోలీసు లోపలికొచ్చి తన తుపాకీ మా మీదికి ఎత్తాడు. “ఎవలదిది?”

“నాదే సార్,” అన్నాడు పెద్దాయన. “పిట్టల తుపాకి, ఖాళీగున్నది, ఇట్ల వంచితె పేలది. ట్రిగ్గర్ ముట్టకుండ్రి, గొట్టం మూసుకుంటె ఈ వేలు గూడ పోతది.”

పోలీసు ఆ సగం వేలు చూసి, తుపాకీ దించి దిగిపోయాడు. బస్సు కదిలినా పెద్దాయన బొటనవేలు తీయలేదు. నేను దిగేటప్పుడే తీసి, తుపాకీ నా చేతికిచ్చాడు.

ఇంటికొచ్చాక గొట్టం వంచి ఆ సందులో నా వేలు పెట్టి చూశాను. ట్రిగ్గర్ దగ్గర ఎవరూ లేరు. అయినా ఒక్క క్షణం ఉంచలేకపోయాను.