మా అత్త విన్న ఇంజిన్లు

మా అత్త పెద్దింట్లమ్మ కొల్లేటి ఆడపిల్ల. అక్కడి అమ్మవారి పేరే ఆవిడకి పెట్టారు. పుట్టింట ఉన్నన్నాళ్లూ పడవంటే గెడకర్రతో తోసేదే, చప్పుడంటే నీళ్లు కదిలే చప్పుడే. బందరు పక్కన గిలకలదిండికి కోడలై వచ్చిన మర్నాడు తెల్లవారుజామున రేవులో ఇంజిన్లన్నీ ఒక్కసారి మొదలయ్యేసరికి, ఏదో కూలిపోతోందనుకుని లేచి కూర్చుందట. మా మామ నవ్వి, అది మన అన్నం ఉడికే చప్పుడు అన్నాడట. ఈ మాట ఆవిడ చాలాసార్లు చెప్పేది.

తర్వాత ఆ చప్పుడు మీదే బతికింది. మా రేవులో సముద్రం నుంచి వచ్చే బోట్లు దగ్గరకొచ్చేదాకా కనబడవు, మడచెట్లు అడ్డం. ఒడ్డున చేపలు కొనుక్కునే ఆడవాళ్లంతా గంపలు పెట్టుకుని కూర్చుంటారు. ఏ బోటు దగ్గరికి ఎవరు ముందు చేరితే వాళ్లకి మంచి సరుకు. మా అత్త మాత్రం వక్క నములుతూ కళ్లు మూసుకుని కూర్చునేది. ఉన్నట్టుండి గంప తీసుకుని లేచేది. అది ఎవరి బోటో, నిండుగా వస్తోందో ఖాళీగా వస్తోందో చప్పుడుని బట్టి చెప్పేది. బరువున్న బోటు ఇంజిన్ మూలుగుతుందట, ఖాళీ బోటుది వాగుతుందట. పక్కింటి సీతమ్మ ఓసారి అందరి ముందూ ఎగతాళి చేసింది.

"పెద్దింట్లమ్మా, నీ చెవులు ఓ పూట అద్దెకియ్యకూడదా?"

"ఇచ్చానంటే నీ మొగుడి తిట్లు నేను వినాలి. నాకొద్దులేవే," అంది మా అత్త.

మా బోటు టేకు పడవ. మా మామ దగ్గరుండి కట్టించాడు. ఇప్పుడు రేవంతా ఫైబర్ బోట్లే గానీ ఆవిడకి అవి ప్లాస్టిక్ బకెట్లతో సమానం. మా పడవలో ఇంజిన్ కూడా మామ నాటిదే. దానికి ముందుకి పోవడమే తెలుసు, వెనక్కి రావడం లేదు. రివర్స్ గేరు లేదన్నమాట. ఆపాలంటే పూర్తిగా ఆపెయ్యాలి. మళ్లీ మొదలెట్టాలంటే ఇద్దరు మగాళ్లు హ్యాండిల్ తిప్పాలి, అప్పుడైనా అందుకుంటుందని నమ్మకం లేదు. మామ పోయాక బోటు మా ఆయన కాశీరావు పేరు మీదకి వచ్చింది. మా మరిది నాగబాబు చుక్కాని పట్టేవాడు.

ఆ రోజు నేను అరుగు మీద కూరకి తరుగుతున్నాను. ఒడ్డు మా ఇంటికి పిలుపు దూరం. అత్త అక్కడి నుంచే కేకేసింది.

"ఉషా, మన బోటు కాలవ మొగలోకి వచ్చింది. బరువుగానే వస్తన్నాడు. అన్నం వార్చు."

వార్చాను. బోటు నిజంగానే బరువుగా వచ్చింది. వలంతా చేపలతో సహా గుట్టగా బోటులో పడేసి ఉంది. మా ఆయన లేడు.

వల దింపుతుంటే తాడు కాలికి చుట్టుకుని దాంతోపాటే నీళ్లలోకి పోయాడట. నాగబాబు చుక్కాని దగ్గరున్నాడు. వెనక్కి నడపడానికి లేదు. ఆపితే మళ్లీ మొదలవదేమో. వలని లాక్కుంటూనే పెద్ద చుట్టు తిరిగి ఆ చోటికి వచ్చేసరికి అక్కడ నీళ్లే ఉన్నాయి. వల పైకి లాగితే చేపలే వచ్చాయి, మనిషి రాలేదు. మిగతా బోట్ల వాళ్లు కూడా వెళ్లి వెతికారు. శవం దొరకలేదు.

దొరకలేదు కాబట్టి మా అత్త ఒప్పుకోలేదు. నా గాజులు తీయనివ్వలేదు, బొట్టు తుడవనివ్వలేదు. ఏ ఒరిస్సా బోటో ఎక్కించుకుని ఉంటుందనేది, మతి తప్పి ఏ రేవులోనో ఉన్నాడనేది. నేను పొద్దున్నే బొట్టు పెట్టుకుని వీధిలోకి వస్తే ఎదురొచ్చిన వాళ్లు తలొంచుకునేవాళ్లు. నా మొహం చూడాలో వద్దో వాళ్లకి తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు.

బోటు కాలవలో కట్టేసి ఉండిపోయింది. దాని మీదకి ఎవరూ ఎక్కలేదు. తుఫాను వానలకి లోపల నీళ్లు నిండి ఇంజిన్ మునిగింది. నాగబాబు వేరే వాళ్ల బోట్లలో కూలికి వెళ్లేవాడు. చివరికి మేస్త్రీ డేనియల్‌ని పిలిపించి చూపిస్తే, ఇంజిన్ తుప్పు పట్టి చిట్లిపోయింది, అతుకు పనికి రాదు, మార్చాల్సిందే అన్నాడు.

అక్కడ మొదలైంది పేచీ. డేనియల్ రెండు దారులు చెప్పాడు. ఒకటి, పాత రకం ఇంజినే రిపేరు చేసినది దొరికితే తెచ్చుకోవడం. అది బరువు, నెమ్మది. పాత దిమ్మల మీదే కూర్చుంటుంది, చెక్కకి అలవాటైన కుదుపే. కాకపోతే రివర్స్ ఉండదు. రెండోది కొత్త రకం. గేరుంటుంది, బటన్ నొక్కితే మొదలవుతుంది. కానీ తేలిక, వేగం ఎక్కువ. పాత చెక్కని అదరగొడుతుంది. దిమ్మలు మార్చాలి, మేకులు మళ్లీ దిట్టం చెయ్యాలి, తగ్గిన బరువుకి అడుగున ఇసక బస్తాలు వెయ్యాలి. తేల్చుకోండమ్మా, పడవ మీది అన్నాడు.

అత్త పాతదే కావాలంది. మీ నాన్న కట్టించిన పడవని మేకులు పీకి పాడుచేస్తారా అంది. నాగబాబు కొత్తది కావాలన్నాడు. డీజిలు తక్కువ తాగుతుందన్నాడు. అసలు సంగతి అది కాదని నాకు తెలుసు. వాడు అన్నం తింటూ తింటూ ఎడం చెయ్యి చుక్కాని పట్టుకున్నట్టు బిగించి కూర్చునేవాడు. తల్లి ముందు రివర్స్ మాట ఎత్తలేకపోయాడు. ఎత్తితే అన్న పేరు వస్తుంది.

నన్ను పక్కకి పిలిచి, "వదినా, బోటు అన్నయ్య పేరు మీదుంది. నువ్వేదంటే అదే తెస్తాను. పాతదంటే పాతదే. ఎక్కుతాను," అన్నాడు.

ఆ ఎక్కుతాను అన్న మాట నాకు రెండు రోజులు ముద్ద దిగనివ్వలేదు.

ముగ్గురం బందరు నుంచి బస్సెక్కి బెజవాడ వెళ్లాం. ఉయ్యూరు దాటాక అత్త కిటికీలోంచి చూస్తూనే నాతో అంది.

"చప్పుడు మారితే వాడు పోల్చుకోడే. ఏ రేవులో ఉన్నా మన బోటు చప్పుడు వింటే లేచొస్తాడు. నువ్వైనా చెప్పు చిన్నోడికి."

అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ బాధ మేకులూ చెక్కా కాదని. నాగబాబు ముందు సీట్లో ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు.

పటమటలో దిగి ఆటోనగర్‌లోకి నడిచాం. డేనియల్ చెప్పిన షాపులో రెండు రకాలూ ఉన్నాయి. నేలంతా నల్లటి ఆయిలు, లారీల చప్పుడు. షాపతను కుర్చీలు వేయించి, మగవాళ్లతో మాట్లాడదామని నాగబాబు వైపు తిరిగాడు. రెండూ ఆడించి చూపించమంది అత్త.

ముందు కొత్తది ఆడించారు. బటన్ నొక్కగానే అందుకుంది. సన్నగా, గడగడా, కుట్టుమిషనులాగా. అత్త మొహం తిప్పుకుంది. తర్వాత పాతది. ఇద్దరు కుర్రాళ్లు హ్యాండిల్ తిప్పితే రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది.

అదే చప్పుడు. కళ్లు మూసుకుంటే మా ఇంటి అరుగు మీద ఉన్నట్టే ఉంది. అత్త కళ్లు మూసుకుని కూర్చుంది, ఒడ్డున కూర్చునేటట్టే. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. నాగబాబు ఇంజిన్ వంక చూడకుండా బయట రోడ్డు వంక చూస్తున్నాడు. ఎడం చెయ్యి బిగించే ఉంది.

కుర్రాళ్లు ఇంజిన్ ఆపారు. ఇదే కట్టించమంది అత్త. షాపతను సరేనని తలూపాడు. నేను ఆవిడ దగ్గరికెళ్లి కింద కూర్చున్నాను. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ మాటకి ఎదురు చెప్పలేదు. అవసరం రాలేదు.

"అత్తా, ఆ రోజు కూడా ఈ చప్పుడే వచ్చింది," అన్నాను. "అన్నం వార్చమన్నావు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పమిట చెంగుతో మొహం తుడుచుకుని లేచి, నాగబాబు భుజం మీద చెయ్యి వేసి, "వెనక్కొచ్చేది తీసుకోరా," అంది. అంతే.

కొత్త ఇంజిన్ బిగించడానికి చాన్నాళ్లు పట్టింది. దిమ్మలు మార్చారు, మేకులు దిగ్గొట్టారు, ఇసక బస్తాలు వేశారు. మాలో కొత్త ఇంజిన్‌కి మొదటి పసుపూ కుంకుమా బోటు ఎవరిదో ఆ ఇంటి ముత్తయిదువ పెట్టాలి. నేను పళ్లెం సర్దుకుని, కొబ్బరికాయ పెట్టుకుని ఒడ్డుకి వెళ్లాను. అత్త ఎదురొచ్చి నా చేతిలోంచి పళ్లెం తీసుకుంది. గట్టు మీదున్న సీతమ్మని పిలిచింది.

"సీతమ్మా, నువ్వొచ్చి బొట్టెట్టవే."

సీతమ్మ ఆవిడ వంకా నా వంకా చూసి, వచ్చి పెట్టింది. నోరు ఊరుకోని మనిషి, ఆ రోజు ఊరుకుంది.

సాయంత్రం అత్త నన్ను పంపు దగ్గర కూర్చోబెట్టింది. సబ్బు నురగ రాసి నా గాజులు ఒక్కొక్కటీ తీసింది. పగలగొట్టలేదు. తీసిన గాజులు తన ఒళ్లో పెట్టుకుని, పంపు కట్టకుండా అలాగే కూర్చుంది. మా ఇద్దరి చీరలూ తడిసిపోయాయి.

బోటు మొదటిసారి వేటకెళ్లి వచ్చే పూట ఇద్దరం ఒడ్డున ఉన్నాం. మడచెట్ల వెనక సన్నగా గడగడ వినబడింది.

"ఎవుర్దే అది?" అంది.

"మనదే అత్తా."

గంప అందుకోలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ, "తలలు లెక్కెట్టు," అంది.

నీళ్ల అంచుదాకా నడిచాను. నాగబాబు చుక్కాని దగ్గర, ముగ్గురు వల దగ్గర. నలుగురు అని చెప్పాను. వెళ్లింది ఎంతమంది అని అడిగింది. నలుగురే అన్నాను. అప్పుడు లేచింది.

ఆ తర్వాత రేవులోకి ఎన్నో కొత్త బోట్లు వచ్చాయి. వాటి ఇంజిన్లన్నీ ఆవిడ వారం తిరక్కుండా పోల్చేసేది. మాది మాత్రం ఎన్నిసార్లు వచ్చినా ఎవుర్దే అనే అడిగేది. చప్పుడు పట్టుబడలేదో, పట్టుకోదలచలేదో నేను అడగలేదు. అడిగినప్పుడల్లా వెళ్లి తలలు లెక్కపెట్టి చెప్పేదాన్ని. మొన్న వానాకాలం జ్వరంతో మంచాన పడ్డప్పుడు కూడా, సాయంత్రం అయ్యేసరికి నన్ను ఒడ్డుకి పంపించేది. వచ్చి చెప్పేదాకా మందు మింగేది కాదు. ఆ జ్వరంలోనే పోయింది.

ఆవిడ గంప ఇప్పుడు నేను తీసుకెళ్తున్నాను. కూర్చునేది కూడా ఆవిడ చోటే. నాకు ఇంజిన్లు పోల్చడం రాదు, అన్నీ ఒకలాగే వినబడతాయి. అందుకని ఏ చప్పుడు వచ్చినా లేచి నిలబడతాను, బోటు మడచెట్లు దాటేదాకా.