నీలం కాగితంలో లేని పరీక్ష

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, విజయవాడ వన్ టౌన్‌లోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో సీనియర్ ఫిజీషియన్‌గా చేరాను. గురువారం హార్మోన్ ఓపీ నాది. నా కింద ఇద్దరు జూనియర్ డాక్టర్లు ఉండేవారు. ల్యాబ్ ఇన్‌ఛార్జి సుగుణకుమారి గారు. పరీక్షలు రాయడానికి అక్కడ ఆడవాళ్లకు గులాబీ కాగితం, మగవాళ్లకు నీలం కాగితం అచ్చు వేయించి ఉండేవి. రక్తంలో ఈస్ట్రోజెన్ ఎంతుందో చెప్పే ఎస్ట్రడయాల్ పరీక్ష గులాబీ కాగితంలోనే ఉండేది. మగవాడి ఒంట్లో టెస్టోస్టిరోన్ కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుందని, ఎముకల గట్టిదనం, కీళ్లు, చివరికి కోరిక కూడా కొంతవరకు దాని మీదే ఆధారపడతాయని నాకు తెలుసు. తెలిసీ నీలం కాగితాన్ని మార్పించలేదు.

ఆ ఏడే సత్యం గారు వచ్చారు. పేరు మార్చాను, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. నలభై నాలుగేళ్ల మనిషి, కూచిపూడిలో నాట్యాచార్యులు, స్త్రీ వేషాలకు పేరున్నవారు. నీరసం, దిగులు అన్నారు. భార్య మీద ఆసక్తి పోయిందని చెప్పడానికి మాత్రం ఆయనకు మూడు గురువారాలు పట్టింది. పదిహేనో ఏట గవదబిళ్లలు వచ్చి వృషణాలు దెబ్బతిన్నాయి. టెస్టోస్టిరోన్ ఉదయం పూట ఎక్కువగా ఉంటుంది కనుక పరగడుపున, పది గంటలలోపు, రెండు వేర్వేరు రోజుల్లో రక్తం తీయించాను. రెండుసార్లూ తక్కువే. టెస్టోస్టిరోన్ ఇంజక్షన్లు మొదలుపెడితే మనిషి తేరుకున్నారు.

కొన్ని నెలలకు ఛాతీ వాచి నొప్పి పెట్టింది. "వేషానికి కట్టుకునేది వేరు, ఇది వేరండీ" అన్నారు తల దించుకుని. ఇంజక్షన్ మందు ఈస్ట్రోజెన్‌గా ఎక్కువ మారితే అలా అవుతుంది. ముందు మోతాదు తగ్గించి చూడాల్సింది. నేను ఆ మార్పును అడ్డుకునే మాత్ర రాశాను. వాపు తగ్గింది. మాత్ర మాత్రం ఏడాదిన్నర ఆపించలేదు.

తర్వాత మోకాళ్ల నొప్పులు. భార్య సంగతి అడిగితే, "మళ్లీ మొదటికొచ్చిందండీ" అన్నారాయన. టెస్టోస్టిరోన్ భేషుగ్గా ఉంది. సుగుణకుమారి గారు రిపోర్టు స్వయంగా పట్టుకొచ్చారు.

"ఇది బానే ఉంది కదండీ, మరి నొప్పులేంటి? ఓసారి ఎస్ట్రడయాల్ చూద్దామండీ" అంటూ నీలం కాగితం అడుగున చేత్తో రాసి నా ముందు పెట్టారు.

నేను దాని మీద గీత కొట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. నోటిదురద. "ఆయన ఆడవేషం స్టేజీ మీదేనమ్మా, ఆడవాళ్ల పరీక్ష ఇక్కడెందుకు?" అన్నాను. జూనియర్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఎదురుగా కూర్చున్న సత్యం గారు కూడా నవ్వారు, మొహం చెల్లక.

ఏడు నెలల తర్వాత పిల్లలకు అడుగు నేర్పుతూ కాలు గట్టిగా తాటించారు. తుంటి ఎముక విరిగింది. స్కాన్ తీస్తే డెబ్బై ఏళ్ల వాళ్ల ఎముకల్లా ఉన్నాయి. నన్ను అడక్కుండానే సుగుణకుమారి గారు ఎస్ట్రడయాల్ చేశారు. మా మిషన్ కొలవగలిగినంత కూడా లేదు. డిశ్చార్జి సమ్మరీలో కారణం అన్నచోట "వృత్తిరీత్యా పదేపదే పాదతాడనం" అని రాశాను. మాత్ర ఊసే ఎత్తలేదు. సంతకం పెడుతుంటే ఆవిడ చూసి, "అంతేనాండీ?" అన్నారు. సిగ్గుతో చచ్చినంత పనైంది. అయినా సంతకం పెట్టాను.

నెల రోజులు ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. చివరికి దిద్దిన సమ్మరీ తీసుకుని పామర్రు మీదుగా కూచిపూడి వెళ్లాను. ఆయన చేతికర్ర పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన కాగితం చదివి మడిచి నాకే ఇచ్చేశారు.

"వద్దండీ. ఆడ హార్మోన్ తగ్గి కాలు విరిగిందంటే పిల్లల తల్లిదండ్రులు నవ్వుతారు. డాన్సు వల్లేననుకోనివ్వండి డాక్టరు గారూ" అన్నారు.

అది నవ్వాల్సిన సంగతని ఆయనకు నేర్పింది నేనే. కాగితం సంచిలో పెట్టుకుని లేచాను.

ఆసుపత్రి ఫైలు మాత్రం దిద్ది, యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేశాను. మరుసటి నెల నుంచి నీలం కాగితంలోనూ ఆ పరీక్ష అచ్చయింది. మాత్ర ఆపి ఇంజక్షన్ మోతాదు సరిచేశాక సత్యం గారి ఎముకలు కొంత కోలుకున్నాయి. ఆయన మళ్లీ రంగం ఎక్కలేదు.

మగవాడిలో టెస్టోస్టిరోన్ తగ్గినా, ఈస్ట్రోజెన్ తగ్గినా వైద్యం ఉంది. కానీ ఆ రెండో మాటకు నవ్వే డాక్టరు దగ్గర ఏ మగవాడూ నోరు విప్పడు. నా గదిలోంచి అలా చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో నాకు తెలియదు.