రంగూను వెళ్ళని గళ్ళబట్ట

ఇది సముద్రం మీదికి దండెత్తిన కథ. ఇందులో యుద్ధం ఉంది, చేజారిన రాజ్యం ఉంది, ఒళ్ళంతా నీలవర్ణం దాల్చిన నలుగురు వీరులున్నారు, చివర్లో ఒక ద్రోహం కూడా ఉంది. ఇంతమాత్రానికే మీరు కళ్ళజోడు తుడుచుకుని సర్దుకు కూర్చుంటే బాగుండదు కనుక ముందే చెప్పేస్తాను. యుద్ధం ఎక్కడో జరిగింది, రాజ్యం మనది కాదు, వీరుల్లో ఒకాయన ఆసుపత్రిలో కాంపౌండరు, ద్రోహం చేసింది నేను. ఇక మిగిలింది నాలుగు చొక్కాల సంగతి. అందులో ఒక్కటీ నాది కాదు.

మొన్న మా మనవడు ఒక చొక్కా తెచ్చి నా మంచం మీద పరిచాడు. దాని నిండా మందారపూలు, కొబ్బరిచెట్లు, జేబు మీద ఒక చిలక. స్నేహితులంతా కలిసి బందరు సముద్రం ఒడ్డున బీచ్ పార్టీ చేసుకుంటున్నారట, నలభై ఏళ్ళు బట్టల కొట్లో పనిచేసినవాడివి కదా తాతయ్యా, ఇది అక్కడికి బాగుంటుందా అని అడిగాడు. గుడ్డ వేళ్ళ మధ్య పట్టి చూసి, గాలి ఆడదు, చిలక్కి ఉక్కపోస్తుంది అన్నాను. వాడు నవ్వి, వీధిలో ఎవరో 'ఏరా, ఇంకా ఎంతసేపురా' అని కేకేస్తే చొక్కా అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ఆ 'ఏరా' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు ఈ ఊరిని బెజవాడ అనేవాళ్ళం. నాకు ఇరవై ఏళ్ళు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే పెడనలో మేనమామ పెంచాడు. మావయ్యది నేత. ఆయన నేసే నీలం గళ్ళ లుంగీబట్ట మూటలు కట్టుకుని ఓడెక్కి రంగూను పోయేది. యుద్ధం రంగూను చేరడంతో ఆ దారి మూసుకుపోయి, ఇంట్లో రెండు మగ్గాల్లో ఒకటి ఆగింది. ఆగింది నా మగ్గం. దాంతో నేను గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్లో గుమస్తాగా చేరాను. జపాను వాళ్ళు ప్రత్యేకించి నాకు ఉద్యోగం వేయించడానికే అంత దూరం వచ్చారని చాలా రోజులు అనుకునేవాణ్ణి.

కొట్టు పైన గదిలోనే నా కాపురం. పగలంతా మనుషులే, అయితే వాళ్ళు వచ్చేది బట్ట కోసం. యుద్ధం వల్ల బట్టకు కంట్రోలు పెట్టిన రోజులు కనుక సరుకు ఉండేది కాదు, అందుచేత లేదండీ అని చెప్పడమే నా ఉద్యోగం. ఆదివారం కొట్టు కట్టేస్తే ఆ లేదండీ అనడానికి కూడా ఎవరూ దొరికేవారు కాదు. ఏం చేయాలో తోచక స్టేషనుకు పోయి ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని, మెడ్రాసు మెయిలు దిగేవాళ్ళనీ, వాళ్ళ కోసం వచ్చి ఎదురుచూసేవాళ్ళనీ చూస్తూ నిలబడేవాణ్ణి. ఒక్కోసారి నేనూ మెడ సాచి పెట్టెల్లోకి వెతికేవాణ్ణి, ఊరికే నిలబడితే బాగుండదని.

ఊరంతా నాకు మర్యాద ఇచ్చేది. షావుకారు దగ్గర్నుంచి జట్కావాడి దాకా అందరూ అండీ అనేవాళ్ళే. ఇరవై ఏళ్ళవాడికి అంత గౌరవం పడదు. 'ఏరా, తిన్నావురా' అని ఒక్కరు అడిగితే చాలు, పెట్టే బేడా అక్కడే దింపేసుకుని స్థిరపడిపోదామనిపించేది.

నేను భోంచేసే పూటకూళ్ళ ఇంట్లో నలుగురు కుర్రాళ్ళుండేవారు. బ్యాంకు గుమస్తా, రైల్వే గుమస్తా, బడి మేష్టరు, ఇందాక చెప్పిన కాంపౌండరు. వాళ్ళలో వాళ్ళు ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుంటూ, ఒకడి విస్తరిలో అప్పడం ఇంకొకడు లాక్కుంటూ తినేవాళ్ళు. నా అప్పడం జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. దాన్ని కావాలనే విస్తరి అంచున, అందుబాటులో పెట్టి చూశాను. ఫలితం లేదు.

ఒకరోజు రైల్వే గుమస్తా పత్రికలోంచి చింపిన బొమ్మ ఒకటి తెచ్చాడు. మెడ్రాసు సముద్రం ఒడ్డున దొరలెవరో వదులు చొక్కాలు బయటికి వేసుకుని, మెడ గుండీ విప్పి, లోకంలో ఏ బాధా లేనట్టు నిలబడి ఉన్నారు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం మనమూ బందరు పోయి ఇలాగే నిలబడాలని తీర్మానం అయింది. నిలబడడం వచ్చు, చొక్కాల సంగతే తెలియదు. అప్పుడు నలుగురూ నా వైపు తిరిగారు. మీరూ రావాలండీ, ఏ బట్ట వేసుకోవాలో మీరే చెప్పాలండీ అన్నారు. నేను మజ్జిగన్నంలో పప్పు కలుపుకుని తినేశాను.

ఆ రెండు వారాలూ నేను సముద్రం గురించి ఆలోచించినంతగా ఓడల కంపెనీ వాళ్ళు కూడా ఆలోచించి ఉండరు. పంచె పనికిరాదు, గాలికి తెరచాప అవుతుంది, మనిషి ఒకవైపు పోదామంటే అది ఇంకోవైపు పోదామంటుంది. తెల్లబట్ట తడిస్తే ఒంట్లో ఉన్న ఎముకలన్నీ లెక్కకు వస్తాయి, పైగా అక్కడి ఒడ్డు నల్లమట్టి. గంజి పెట్టిన చొక్కా ఉప్పుగాలికి అరగంటలో మెత్తబడి వీపుకు అతుక్కుంటుంది. కనుక పల్చని నూలుబట్ట, మట్టి కనపడని గళ్ళు, పొట్టి చేతులు, చంకల దగ్గర వదులు, పక్కల చీలికలు, కింద మడమల పైకి ఆగే పైజమా. ఇదంతా భోజనాల దగ్గర నేను విప్పి చెబుతుంటే నలుగురూ చెయ్యి కడగడం మరిచి వినేవాళ్ళు. నా జీవితంలో నన్ను అంత శ్రద్ధగా విన్న సభ మళ్ళీ లేదు.

సిద్ధాంతం బాగానే ఉంది, బట్టే లేదు. మావయ్యకు కార్డు రాశాను. రంగూను పోవలసిన ఆఖరి మూటలోంచి ఒక గళ్ళబట్ట ముక్క ఆయన పెట్టెలో ఉండిపోయిందని నాకు తెలుసు. అడిగితే ఇస్తాడని తెలుసు, అడగకూడదనీ తెలుసు. మంగళవారానికల్లా తెలిసినవాళ్ళ చేత పంపించాడు.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీంచి దిగిన బట్టను ఎంత తొందరున్నా ముందు గంగాళంలో నానబెట్టి, గంజీ, మిగులు రంగూ వదిలించి, నీడన ఆరేశాకే కత్తెర ముట్టించేవారు. పరదేశం పోయే బట్టకు మాత్రం ఇది చేయరు, మడత బిరుసుగా ఉండాలని. నాకు ఇదంతా పుట్టుకతో తెలుసు. కాని ఆ సాయంత్రం గదిలో మడత విప్పగానే మావయ్య ఇంటి వాసన వచ్చింది. గంజి, నీలిమందు, అత్తయ్య పొయ్యి పొగ, అన్నీ కలిపి. నీళ్ళలో వేస్తే అది పోతుంది. ఒక్క రాత్రి తల కింద పెట్టుకుని పడుకుని, పొద్దున్నే అలాగే దర్జీకి ఇచ్చేశాను.

దర్జీ కొలిచి, నాలుగు చొక్కాలే వస్తాయన్నాడు. చేతులు, పక్కలు కాస్త బిగిస్తే అయిదోది వస్తుందన్నాడు. పది రోజులుగా వదులు గొప్పతనం మీద ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, ఇప్పుడు బిగించమని ఏ నోటితో చెప్పను? సౌకర్యం అనే సిద్ధాంతం కోసం నా చొక్కా ప్రాణత్యాగం చేసింది. నాకు వేరే ఉందని వాళ్ళతో చెప్పి, ఆదివారం పొద్దున గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని బండెక్కాను.

పెడన స్టేషన్లో మావయ్య పులిహోర మూటతో నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి ముందు గళ్ళచొక్కాలు కనిపించాయి కాబోలు, మొహం విప్పారింది. నలుగుర్నీ దాటుకుని నా తెల్లచొక్కా దగ్గరికి వచ్చి ఆగాడు.

"నీదేదిరా?"

"పెట్టెలో దాచుకున్నా మావయ్యా. పండక్కి."

ఆయన నమ్మినట్టు తలూపాడు. నమ్మలేదు. బ్యాంకు గుమస్తా చొక్కా చెయ్యి కొస వేళ్ళ మధ్య నలిపి చూసి, నా చెవి దగ్గర గొంతు తగ్గించాడు.

"నానబెట్టలేదేరా? ఒడ్డున తిరిగితే పర్లేదు. నీళ్ళలోకి దిగితే మట్టుకు రంగు వదిలేస్తది. విప్పేసి దిగమని చెప్పు, మర్చిపోకు."

బండి కదిలింది. బందరులో దిగి జట్కా ఎక్కాం. చెప్పాలనే అనుకున్నాను. అయితే ఆ జట్కాలో నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. కుదుపుకు రైల్వే గుమస్తా చెయ్యి నా భుజం మీద పడి, తియ్యడం మరిచిపోయి అక్కడే ఉండిపోయింది. మేష్టరు తన గళ్ళు తానే చూసుకుంటూ, మీరు లేకపోతే ఏమయ్యేవాళ్ళమండీ అన్నాడు. విప్పేసి దిగండి అనడం ఎంతసేపు? కాని చొక్కాలు విప్పేస్తే ఇక అక్కడ నాకు పనేముంది? నోరు మూసుకుని సముద్రం దాకా ఆ చెయ్యి బరువు మోశాను.

మంగినపూడి ఒడ్డు లోతు తక్కువ, నడుములోతు కావాలంటే చాలా దూరం నడవాలి. పత్రికలో దొరల్లాగే కాసేపు నిలబడ్డారు. నిజం చెప్పొద్దూ, దొరల కన్నా బాగున్నారు. గాలి చొక్కాల్లోంచి ఇటు దూరి అటు పోతుంటే గళ్ళు ఊగుతున్నాయి. నా సిద్ధాంతంలో ఒక్క అక్షరం తప్పు లేదు. తరవాత గడియారాలు, కళ్ళజోడు, చెప్పులు నా దగ్గర పెట్టి, నలుగురూ చొక్కాలతోనే నీళ్ళలోకి పరుగెత్తారు.

మొదట కాంపౌండరు మెడ నీలమైంది. తరవాత మేష్టరు గడ్డం. కాసేపటికి నలుగురూ నీలంగా ఉన్నారు, చుట్టూ నీళ్ళు నీలంగా ఉన్నాయి, తడిసి ముడుచుకున్న చొక్కాల అంచులు బొడ్డు దాటి పైకి ప్రయాణం కట్టాయి. నేను క్షమాపణ సిద్ధం చేసుకున్నాను. అందులో యుద్ధం, నూలు కరువు, దర్జీ తొందర అన్నీ వచ్చేట్టు చూసుకున్నాను.

అది ఎవరికీ అవసరం పడలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఒక్క క్షణం బిక్కచచ్చి, నవ్వడం మొదలెట్టారు. నిలబడలేక నీళ్ళలో కూలబడి నవ్వారు. ఒకడి రంగు ఇంకొకడికి పులుముతూ, ఒరేయ్ కృష్ణుడా అంటే ఒరేయ్ రాముడా అనుకుంటూ తరుముకున్నారు. నేను ఒడ్డున రెండు గడియారాలు, ఒక కళ్ళజోడు, నాలుగు జతల చెప్పులతో కూర్చుని ఉన్నాను. నా క్షమాపణ కూడా నా దగ్గరే ఉంది.

ఇంతలో బ్యాంకు గుమస్తా రెండు చేతులూ నీలంగా చాచి నా వైపు పరుగెత్తుకొచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. పారిపోలేదు. చెప్పులు వదిలేసి, మొహం కాస్త ముందుకు కూడా పెట్టాను. వాడు బారెడు దూరంలో టక్కున ఆగాడు. నా గంజి మడతలు చూశాడు.

"అయ్యో, మీ తెల్లచొక్కా పాడైపోద్దండీ," అని చేతులు వెనక్కి పెట్టుకుని, మర్యాదగా తిరిగి నీళ్ళలోకి వెళ్ళిపోయాడు.

ఆ నీలం వాళ్ళ ఒంటి మీద వారం రోజులుంది. భోజనాల దగ్గర ఒకడి మెడ ఇంకొకడు పట్టి చూసుకుని, మళ్ళీ మొదటి నుంచీ చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ కథలో నేనూ ఉన్నాను, బట్ట ఇచ్చినాయనగా. మరుసటి నెల నలుగురూ మంగళగిరి కొండకు పోయొచ్చారు. మీకు కొట్లో పనుంటుందేమోనని అడగలేదండీ అని కాంపౌండరు నొచ్చుకున్నాడు. అది ఆదివారం. కొట్టుకు సెలవు.

తరవాత బదిలీలయ్యాయి, ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. పెళ్ళి శుభలేఖలు వచ్చాయి, అన్నిటి మీదా నా పేరు పక్కన గారు అని చక్కగా రాసి ఉంది. మావయ్యతో మాత్రం, చొక్కాలు అందరికీ తెగ నచ్చాయని చెప్పాను. వాళ్ళు దిగారా, రంగు పోయిందా అని ఆయన అడగలేదు. మగ్గం వైపు తిరిగి, "పోన్లేరా, రంగూను పోకపోయినా సముద్రం చూసింది," అన్నాడు.

ఆయన పోయాక నన్ను ఏరా అని పిలిచేవాళ్ళు తగ్గుతూ వచ్చి, కొన్నేళ్ళకు ఎవరూ మిగల్లేదు. ఇప్పుడు ఊరు పేరు మారింది, స్టేషన్లో ప్లాట్‌ఫారాలు పెరిగాయి, సముద్రానికి వేసుకెళ్ళే చొక్కా మీద సముద్రమే అచ్చు వేసి అమ్ముతున్నారు. ఇంట్లో నేను తాతయ్యని, వీధిలో పెద్దాయనగారిని. అప్పడం ఇప్పటికీ విస్తరి అంచునే పెడతాను, అలవాటు.

సాయంత్రం మనవడు చొక్కా కోసం తిరిగి వచ్చాడు. నానబెట్టావా అని అడిగాను. ఇది పాలియెస్టరు తాతయ్యా, రంగు పోదు, ముడుచుకోదు అన్నాడు. అయితే సరే. నేతబట్ట అయితే మాత్రం ఒక పూట చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఆ తరవాతే దర్జీకి ఇవ్వాలి. గజానికి అంగుళమున్నర తగ్గుతుంది.