మూడో గడి

సౌజన్యకి చిన్నప్పటి నుంచీ పరధ్యానం ఎక్కువ. పాలు తెమ్మని పంపిస్తే గట్టు మీద గూడకొంగల్ని చూస్తూ నిలబడిపోయేది. పాలు తెచ్చేదే, కాదనలేం. కాకపోతే పొద్దున తాగాల్సిన టీ ఆ ఇంట్లో మధ్యాహ్నానికి గాని పొయ్యెక్కేది కాదు. అలాంటి పిల్లకి, ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ముగించాలో నేర్పే ప్రాజెక్టు మేనేజ్‌మెంటు తగిలింది. సిలబస్ రాసినవాళ్లకి కాస్త హాస్యం తెలుసనుకోవాలి.

తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతోంది. పోయిన ఏడు ఆ పేపరు తప్పింది. జవాబులు రాక కాదు. పరీక్ష హాల్లో ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. రెండో ప్రశ్న, 'ఫ్లోట్ అంటే ఏమిటి?' ఒక పని ఎన్నాళ్లు ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టు ఆగకుండా ఉంటుందో, ఆ వెసులుబాటునే ఫ్లోట్ అంటారని నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కానీ ఆ మాట చదవగానే కొల్లేట్లో తాటిదోనె కళ్లకు కట్టింది. బయట సన్నగా వాన మొదలైంది. దోనె కదిలింది, గుర్రపుడెక్క పక్కకి తప్పుకుని దారిచ్చింది, ఆకు మీది కప్ప నీళ్లలోకి దూకింది. ఇన్విజిలేటరు వచ్చి కాగితాలు లాక్కున్నాక గాని మూడు గంటలు గడిచిపోయాయని తెలియలేదు.

తప్పినందుకు పడ్డ బాధ ఒక ఎత్తు. ఇంట్లో చెప్పకపోవడం ఒక ఎత్తు. తండ్రి చిన్నరాజు చేపల చెరువుల మీద పనిచేసి చేసి, ఈ మధ్యే ఒక చెరువు సొంతంగా చూసుకుంటున్న మనిషి. కనపడ్డవాళ్లందరితో "మా అమ్మాయి అన్నీ ఒక్క దెబ్బకే పాసవుతోందండీ" అని చెప్పుకుంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా సౌజన్య ఏదో పనున్నట్టు అక్కణ్ణించి లేచి వెళ్లిపోయేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఏడాది తిరిగొచ్చింది.

ఈసారి కిటికీకి దూరంగా సీటు అడిగి మరీ పరీక్ష రాసింది. ఇక మిగిలింది మినీ ప్రాజెక్టు. మీ ఊళ్లో జరిగే పని ఏదైనా తీసుకుని, దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి మూడు గడుల్లో మూడు అంకెలు వెయ్యాలన్నాడు నరసింహమూర్తి మాస్టారు. అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని. మామూలు అంకెని నాలుగింతలు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే ఆ పనికి పట్టే రోజులు. ఆయన చాలా మెత్తని మనిషి, ఆ మెత్తదనంతోనే భయపెడతాడు. "ఏ గడి ఖాళీగా ఉన్నా నేను సంతకం పెట్టలేనమ్మా," అన్నాడు. సోమవారం సంతకం పడకపోతే సబ్జెక్టు మళ్లీ పోతుంది. ఈసారి ఏడాది కూడా పోతుంది, ఇంట్లో దాచడానికీ కుదరదు.

సౌజన్య తీసుకున్నది చెరువు తయారీ. నీళ్లు తోడెయ్యడం, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టడం, గట్టు కట్టడం, సున్నం చల్లడం, నీళ్లు పెట్టడం, ఆ నీళ్లు ఆకుపచ్చగా రంగు తిరిగేదాకా ఆగడం, చేపపిల్ల వదలడం. మొత్తం ఏడు పనులు.

శనివారం సాయంత్రం పాసింజరు ఎక్కింది. భీమడోలు దాటాక పొలాల్లో నిలిచిన నీళ్ల మీద ఆకాశం పడుకుని ఉంది. రైలు దాని పక్కనుంచి మెల్లగా, దాన్ని లేపకూడదన్నట్టు వెళ్తోంది. ఆ నీళ్లలో తన ఏడు పనులూ ఏడు దోనెలై వరసగా కదులుతున్నట్టు చూసుకుంటూ కూర్చుంది. అదృష్టం బాగుండి ఏలూరులో ఎవరో "దిగరా అమ్మా?" అన్నారు గాని, లేకపోతే విజయవాడలో తేలేది. అక్కణ్ణించి బస్సు, బస్సు దిగాక గట్టు మీద నడక. ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు.

అన్నం తింటూ తండ్రిని అడిగింది. కలిసొస్తే ఎన్ని రోజులంటే చకచకా చెప్పాడు. మామూలుగా ఎన్నంటే ఇంకా చకచకా చెప్పాడు. రెండు వరసలూ నిండిపోయాయి.

"మరి అన్నీ ఎదురుతిరిగితే నాన్నా?"

చిన్నరాజు ముద్ద కలపడం ఆపేశాడు. తల్లి సుందరమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "దీపాల వేళ అవేం మాటలే! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. ఏవండీ, మీరు చెప్పకండి."

"లెక్క కోసమేనమ్మా."

"లెక్కకైనా సరే."

అననివ్వదు మరి. బియ్యం అయిపోతే నిండుకున్నాయనే మనుషులు. దీపం ఆరిపోతే కొండెక్కిందంటారు. వీధి చివరికి వెళ్తున్నా వెళ్తాననరు, వెళ్లొస్తానంటారు. చెడ్డ మాట ఒక్కటీ బయటికి రాకుండా భాషనే గట్టు కట్టి కాపాడుకుంటున్న ఇంట్లోకి వచ్చి, ఆ గట్టుకి గండి కొట్టమంటోంది ఈ పిల్ల. ఆ సాయంత్రం మూడో వరస ఏడు గడులూ ఖాళీగానే ఉండిపోయాయి.

ఆదివారం పొద్దున్నే మామ్మ పెద్దింటమ్మ అరుగు మీద వల బాగుచేస్తూ కూర్చుంది. ఆమెకి చూపు ఆనదు, వేళ్లతోనే చిరుగుల్ని పట్టుకుంటుంది. సౌజన్య వెళ్లి పక్కన కూలబడింది. అడగదలచుకోలేదు. అడిగినా ఈవిడా చెప్పదని తెలుసు. కాగితం ఒళ్లో పెట్టుకుని వల కళ్లలోంచి ఎండని చూస్తోంది.

"ఏంటే అంత దిగులు?"

"చెరువు ఎండడానికి మహా అయితే ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పట్లేదు మామ్మా."

"పడుతుందని ఎవరంటారే? పట్టిందని చెప్పాలి గాని." పెద్దింటమ్మ పన్ను లేని నోటితో నవ్వింది. "మీ పెద్దత్త పెళ్లయిన ఏడు ఎండాకాలంలో ముసురు పట్టింది. పందిరి వేసిన రోజున తోడిన చెరువు, అత్త మొదటిసారి పుట్టింటికొచ్చి మళ్లీ వెళ్లేదాకా ఎండలేదు."

సౌజన్య గబుక్కున నిటారుగా కూర్చుంది. అత్త ఎన్నాళ్లకి వచ్చిందో, ఎన్నాళ్లుందో మామ్మనే అడిగింది. వేళ్ల మీద లెక్క కట్టింది. ముప్ఫై నాలుగు. రాబోయేదాన్ని అనరు గాని, వచ్చిపోయినదాన్ని దాచుకోరు వీళ్లు! సున్నం లారీ దిగబడిన కథ వచ్చింది, మేఘాలు కమ్మి నీళ్లు రంగు తిరగని ఏడాది వచ్చింది. మామ్మ చెబుతుంటే ఆ ఏళ్లన్నీ వల మీద పొద్దుటెండలా ఊగాయి. ఆరు గడులు నిండాయి.

"గట్టో మామ్మా? గట్టు తెగిన ఏడు?"

సూది ఆగింది. "నువ్వు పుట్టిన ఏడు తెగింది. రోజులు నాకు తెలియవు. మీ నాన్ననడుగు, వాడు లెక్కపెట్టాడు."

చిన్నరాజు చెరువు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచి చూస్తున్నాడు. అరచెయ్యి కనపడకపోతే నీళ్లు రంగు తిరిగినట్టు, చేపపిల్ల వదలొచ్చు.

"ఇంకా కనపడుతోందమ్మా. నాలుగు రోజులాగాలి," అన్నాడు.

సౌజన్య పక్కన కూర్చుంది. ఆయన్ని జరిగినదాని గురించి అడగబోతూ, తన దగ్గరా జరిగిపోయినదొకటి ఉందని తట్టి ఆగిపోయింది. అది చెప్పకుండా ఇది అడిగితే బావుండదనిపించింది. నీళ్లలో తండ్రి చెయ్యి పచ్చగా, దూరంగా, ఇంకెవరిదో చెయ్యిలా ఉంది. ఆ చెయ్యినే చూస్తూ అంది.

"పోయిన ఏడు ఈ పేపరు తప్పాను నాన్నా. మీకెవరికీ చెప్పలేదు."

చెప్పాక భయమేసింది. ఏడుపు కూడా వచ్చింది. చిన్నరాజు చెయ్యి బయటికి తీయలేదు. అవతలి గట్టు మీంచి ఒక కొంగ లేచి, చెరువంతా తిరిగొచ్చి, మళ్లీ అక్కడే వాలింది.

"తప్పావని తెలిసిన రోజు అన్నం తిన్నావా?"

"లేదు."

"చెప్పుంటే వచ్చేవాణ్ణి కదమ్మా. గూడెం ఎంత దూరం?"

ఆమె తల వంచుకుంది. చిన్నరాజు చెయ్యి తీసి, తడి పంచెకి తుడుచుకుని, ఆమె ఒళ్లో ఉన్న కాగితం వైపు చూశాడు. "ఏది ఖాళీ?"

"గట్టు. కలిసొస్తే ఎనిమిది, మామూలుగా పన్నెండు అన్నావు కదా. తెగిన ఏడు ఎన్నయిందో…"

"అరవై ఒకటి."

తడుముకోలేదు. ఇరవై ఒక్కేళ్ల కిందటి సంగతి అంత కచ్చితంగా ఎలా గుర్తుందని ఆమె అడిగింది.

"గట్టు తెగిందని నడుం లోతు నీళ్లలో నిలబడి చూస్తున్నాను. ఏలూరు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, ఆడపిల్ల అని. అదే పొద్దున. పిల్ల పుట్టిన వేళ అలాంటిదని ఎవరైనా అంటారేమోనని, ఆ రెండూ ఒక్క రోజునే జరిగాయన్న మాట మీ మామ్మ ఇంట్లో ఎత్తనివ్వలేదు." చిన్నరాజు నీళ్ల వైపు తిరిగాడు. "రోజూ మట్టి మోస్తూ, ఇవాళ్టికి పాపకి పది రోజులు, ఇవాళ్టికి ఇరవై అనుకునేవాణ్ణి. గట్టు లెక్క కాదమ్మా అది, నీ లెక్క. నీకు అరవై ఒకటో రోజున మళ్లీ నీళ్లు పెట్టాం."

సౌజన్యకి అక్షరాలు మసగబారాయి. ఇన్నేళ్లుగా ఈ ఇల్లు పైకి అనకుండా దాచిన చెడ్డరోజు తన పుట్టినరోజేనన్నమాట! అందులో ఈయన దాచుకున్నది తనని. మోకాలి మీద కాగితం పెట్టుకుని, మూడో గడిలో ఆరు వేసి, పక్కన ఒకటి వేసింది. పెన్సిలు సరిగా పడలేదు.

చిన్నరాజు వంగి చూశాడు.

"గట్టిగా రాయమ్మా," అన్నాడు. "చెరిగిపోద్ది."