బస్టాండుకు కప్పు

మా దీవిలో, వకోవా ఊళ్ళో వాన పడని రోజులు తక్కువ. బస్సులు ఆగే చోట తలదాచుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అందుకని ఎదురుగా ఉన్న బట్టల కొట్టు వరండా ఎక్కేవాళ్ళం. కొట్టాయన లోపలినుంచి బెంచీ తెచ్చి వేసేవాడు. ఊరికే కూర్చుని పోవడానికి మొహమాటమేసి, లేచేటప్పుడు ఒక రుమాలైనా కొనేవాళ్ళం. నేను అప్పుడు కొత్తగా చేరిన టీచర్ని. నా పెట్టె నిండా వాడని రుమాళ్ళే.

ఆయన మునిసిపల్ కౌన్సిల్లో సభ్యుడు. మంచివాడే గాని, గుడ్డ చింపుతూ కూడా మురుగుకాలువల గురించే మాట్లాడేవాడు. నాకు విసుగొచ్చేది. ఇంకా బ్రిటిష్‌వాళ్ళే ఏలుతున్న ఆ రోజుల్లో, బస్టాండుకు రేకుల కప్పు వేయాలని కౌన్సిల్లో పట్టుబట్టాడు.

"వాన వస్తేనే కదా జనం మన లబుటిక్ వరండా ఎక్కేది. మీకేమైనా మతిపోయిందా?" అని ఆయన భార్య మా ఎదుటే అడిగింది.

మా దీవికి స్వాతంత్ర్యం రాకముందే కప్పు పడింది. ఆ వారమే ఒక సాయంత్రం పెద్ద వాన. అందరం దాని కింద నిలబడ్డాం. ఎదురుగా వరండాలో బెంచీ ఖాళీగా ఉంది. ఆయన గొడుగు వేసుకుని రోడ్డు దాటి వచ్చి, రేకులు ఎక్కడైనా కారుతున్నాయేమోనని తలెత్తి చూస్తున్నాడు.

"కొట్లో ఎవరూ లేరు మామయ్యా," అన్నాను.

"ఇంక మీరు రుమాళ్ళు కొనక్కర్లేదు మిస్," అన్నాడు, రేకుల మీంచి చూపు తిప్పకుండానే.